కూసే చక్రం

రాఘవేంద్ర ఇంట్లో ఆయన పుట్టినప్పటి నుంచి ఒక సైకిలు చక్రం ఉంది. టైరు లేదు, ట్యూబు లేదు, ఉత్త రిమ్ము. దాన్ని రాట్నానికి బిగించి కండెలు చుట్టేవాళ్లు. అది కూసిందంటే నూనె అడిగినట్టే. రాఘవేంద్ర మగ్గం గుంటలోంచి లేవకుండానే చెయ్యి చాచి, కొబ్బరినూనె సీసా అందుకుని ఇరుసు దగ్గర రెండు చుక్కలు వేసేవాడు. కూత ఆగేది. మిషన్ నూనె వాడడు, పట్టుకు మరక పడుతుంది. చక్రాల గురించి ఆయనకు తెలిసింది అంతే. గద్వాలలో చీరలు నేసుకుని బతకడానికి అంతకంటే ఎక్కువ తెలియాల్సిన అవసరం కూడా రాలేదు.

ఎండాకాలం సెలవుల్లో పట్నం నుంచి ఒక సంస్థవాళ్లు వచ్చారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలకు గుట్టల మీద సైకిలు తొక్కడం నేర్పుతామన్నారు. స్కూలు మైదానంలో షామియానా వేసి మీటింగు పెట్టారు. రాబోయే కాలమంతా సైకిలుదేనని, పెట్రోలు బండ్లకు రోజులు దగ్గర పడ్డాయని వాళ్లలో పెద్దాయన మైకులో చెప్పాడు. ఆయన వచ్చిన కారు షామియానా పక్కనే నీడలో ఆగి ఉంది, ఏసీ కోసం ఇంజను కూడా ఆపలేదు.

వెనక వరుసలో కూర్చున్న మద్దిలేటి రాఘవేంద్రను మోచేత్తో పొడిచాడు.

"ఏం రాఘన్నా, మన తాతలు తొక్కిన సైకిలే గదా. దిగుడొస్తే మనం సైకిలు దిగి నడుస్తుంటిమి. వీళ్లకు దిగుడే కావాల్నంట, హౌదా?"

మద్దిలేటిది గట్టు దగ్గరి పల్లె. కర్ణాటక పక్కనే కనుక మాటలో కన్నడం దొర్లుతుంది. భార్య పుష్పమ్మను తీసుకుని ఏటా మిరప కోతలకు రాయచూరు దిక్కు పోతాడు. కూతురు శిల్ప గద్వాలలో హాస్టల్లో ఉండి చదువుతోంది. రాఘవేంద్ర కూతురు సౌజన్యది, శిల్పది ఒకే తరగతి, ఒకే బెంచీ.

సంస్థవాళ్లు ఇద్దరికి ఒక సైకిలు ఇచ్చారు. లావు టైర్లు, గేర్లు, చక్రం నడుమ పళ్లెంలాంటి ఇనుప బిళ్ల. బ్రేకు పడితే ఆ బిళ్లనే రెండు వైపుల నుంచి నొక్కి పడుతుంది. డిస్కు అంటారు. ఈ ఇద్దరు ఆడపిల్లలకు ఒక సైకిలు, ఒక హెల్మెటు. హాస్టల్లో పెట్టుకునే జాగా లేక సైకిలు రాఘవేంద్ర ఇంట్లోనే ఉండేది. శిల్ప పొద్దున్నే వచ్చి చాయ్ తాగి, తన వంతు తొక్కి, మధ్యాహ్నం వాళ్లింట్లోనే తిని పోయేది. రాఘవేంద్రను కాకా అనేది. ఆయన భార్య స్వరూప వండిన జొన్నరొట్టెలు సౌజన్య కంటే శిల్పే ఎక్కువ తినేది. దానికి సౌజన్య నవ్వేది, అప్పట్లో.

నేర్పేవాడు జయపాల్. వనపర్తివాడు, కుర్రవాడు. మొదటిరోజే పిల్లలందర్నీ చుట్టూ నిలబెట్టి ఒక మాట చెప్పాడు.

"ఈ డిస్కుకు వేలు కూడా తగలొద్దు. మన చేతికి జిడ్డుంటది. నూనె అంటిందంటే బ్రేకు సచ్చిపోతది. లివరు గట్టిగనే ఉంటది, పట్టినట్టే ఉంటది, బండి మాత్రం ఆగదు. సమజైందా?"

పిల్లలు తలూపారు. పెద్దవాళ్లకు ఎవరూ చెప్పలేదు. రాఘవేంద్ర సైకిలు ఇంటికి వచ్చిన రోజే నూనె సీసా తీస్తే సౌజన్య గొలుసు వరకు వేయనిచ్చింది. "చక్రం కాడ నేను చూసుకుంట నాయినా" అంది. ఎందుకో ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

మూడు జిల్లాలకు కలిపి ఆడపిల్లల్లో ఒక్కరికే సీటు. పట్నంలో ఉంచి, తిండి పెట్టి, చదువు చెప్పించి, పోటీలకు పంపుతారు. దసరా దాటాక మద్దిలేటి గద్వాల వచ్చి కూతురితో తేల్చి చెప్పాడు.

"ఆ సీటొస్తే పో. రాకపోతే క్రిస్మస్ అయినంక మాతోని మిరప తెంపనీకె రావాలె. మీ అమ్మకు నడుము లేస్తలేదు."

సౌజన్యకు వేరే చావు. గద్వాల చీరకు అంచు కలపాలంటే మగ్గం పక్కన ఇంకొకరు కూర్చుని పోగు మోసే నాడె అందుకోవాలి. ఆ చోట్లో నిన్నటిదాకా స్వరూప కూర్చుంది. ఆమెకు చూపు మందగించింది. సీటు రాకపోతే ఆ చోటు సౌజన్యదే. ఒకసారి కూర్చున్నాక ఆ చోట్లోంచి లేచిన ఆడది వాళ్ల వీధిలో లేదు.

ఇద్దరిలో ఎవరు ముందు వస్తారో అందరికీ తెలుసు. సౌజన్య శుభ్రంగా తొక్కుతుంది, తప్పు చేయదు. శిల్పకు దిగుడులో భయం లేదు. ఎప్పుడు గడియారం పట్టి చూసినా జయపాల్ శిల్ప వైపే చూసి నవ్వేవాడు. ఆ నవ్వును సౌజన్య ఎండాకాలం నుంచి చలికాలం దాకా చూస్తూ వచ్చింది.

సీటు తేల్చే పందెం మన్ననూర్ పైన పెట్టారు. అడవి తగలబడితే మంట దాటకుండా చెట్లు కొట్టి చెక్కిన బాట ఒకటి గుట్ట మీది నుంచి కిందికి ఉంది. ఆ బాటకే అనుమతి దొరికింది, అదీ ఒక్కరోజుకు. పిల్లలతో పాటు వచ్చిన తల్లిదండ్రులను పైన, బాట మొదట్లో నిలబెట్టారు. జయపాల్ గడియారంతో కింద ఉన్నాడు. పైన ఫారెస్టు వాచరు శ్రీశైలం కర్ర పట్టుకుని నిలబడ్డాడు. సన్నటి మనిషి. ఎక్కువ మాట్లాడడు. మాట్లాడితే ఎదుటివాడికి మిగిలేది ఉండదు.

"పొద్దు గూకకముందే అందరు బయటికి పోవాలె. ఈలలు లేవు, సప్పట్లు లేవు. ఇది పులి జాగా. మీ పెండ్లి పందిరి కాదు" అన్నాడు.

సౌజన్య మొదట్లోనే దిగింది. రాత్రంతా మంచు పడి గడ్డి తడిగా ఉంది. తడి డిస్కు బ్రేకు పట్టినప్పుడల్లా కూసింది. ఊరికే కాదు, పందిని కోస్తే అరిచినట్టు. గుట్ట మొదలు నుంచి చివరిదాకా, ప్రతి మలుపులోనూ అదే కూత. ఎక్కడో చెట్ల మీది కొండముచ్చులు లేచి అరిచాయి. పైన ఉన్న తండ్రులు నవ్వారు.

"అగో, రాఘన్న బిడ్డ హారను కొట్టుకుంట పోతుంది."

"ముందల పులి అడ్డమొచ్చిందేమో చూడుర్రి."

రాఘవేంద్ర తల దించుకున్నాడు. ఆయన చేతిలో ఏ చక్రమూ ఎప్పుడూ అంతసేపు కూయలేదు.

కింది నుంచి ఫోను వచ్చింది. సౌజన్య అందరికంటే ముందు ఉంది. ఆమెను దాటగలిగేది ఇక శిల్ప ఒక్కతే. వరుసలో శిల్పది ఆఖరు, సైకిలు పైకి రావాలి కనుక. వనపర్తి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు దిగుతుండగా సౌజన్య పక్కదారిన సైకిలు తోసుకుంటూ పైకి వచ్చింది. హెల్మెటు తీసి శిల్పకు ఇచ్చింది. శిల్ప అది పెట్టుకుని కొంచెం దూరం పోయి, అందరికీ వీపు పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకోసాగింది.

శ్రీశైలం కర్రతో సైకిలును చూపించాడు.

"ఇదేనా కూసింది?"

"అవ్ సార్" అన్నాడు రాఘవేంద్ర.

"ఒకసారికి ఊకున్న. ఇంకోపారి గిట్ల కూస్తే నేను పోనియ్య. పై ఆఫీసర్లు నన్నడుగుతరు. దీని మీద ఇంకో పిల్ల దిగాలె గదా, ఆ పిల్లను ఇంటికి తోల్కపో."

"అయ్యో, జర ఆగు సార్. ఆ పిల్ల దీని మీదనే ఆశ పెట్టుకున్నది. ఇప్పుడే ఆపుత సూడు."

రాఘవేంద్ర సంచీలోంచి సీసా తీశాడు. గొలుసు కోసమని ఇంటి నుంచి తెచ్చిన కొబ్బరినూనె. చలికి పేరుకుపోయి తెల్లగా గడ్డకట్టి ఉంది. సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దసాగాడు. కరగలేదు. చొక్కా కింద చంకలో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి ఎండకు పట్టి చూశాడు. మళ్లీ రుద్దాడు.

సౌజన్య పక్కనే నీళ్ల సీసా పట్టుకుని నిలబడి ఉంది. తండ్రి చేతులనే చూస్తోంది. ఎండ పడింది, ఇంకాసేపు ఆరితే ఆ కూత దానంతటదే ఆగుతుందని ఆమెకు తెలుసు. సీసాలో తెల్లటి గడ్డ అంచుల నుంచి వదులై, మెల్లగా నీరై, అటూ ఇటూ కదిలింది. ఆమె నీళ్ల సీసా మూత తీసింది. తాగింది. మూత పెట్టింది.

మిగతా తండ్రులంతా దిగే పిల్లలనే చూస్తున్నారు. రాఘవేంద్ర సైకిలును తలకిందులుగా నిలబెట్టి ముందు చక్రం తిప్పాడు. ఇరుసులో రెండు చుక్కలు వేశాడు. చెవి దగ్గర పెట్టి విన్నాడు. రాపిడి ఇరుసులో లేదు, బిళ్ల దగ్గర ఉంది. అక్కడ ధార పోసి, చూపుడువేలితో బిళ్ల మీద చుట్టూ పూశాడు. వెనక చక్రానికి కూడా అట్లాగే. తిప్పితే రెండూ గాలిలో తిరిగినట్టు తిరిగాయి. చప్పుడన్నది లేదు.

"ఇగ విను సార్" అన్నాడు.

శ్రీశైలం విన్నాడు. తల పంకించాడు. "మగ్గమోళ్ల చెయ్యి" అన్నాడు. అది మెచ్చుకోలే. రాఘవేంద్ర ముఖం విచ్చుకుంది. వేలు తుండుగుడ్డకు తుడుచుకున్నాడు.

శిల్ప వచ్చింది. "ఏం జేసినవ్ కాకా? సప్పుడే లేదు!"

"ఇగ మొత్తుకోదు బిడ్డా. నువ్వు పో."

శిల్ప సీటు మీద కూర్చుని రెండు లివర్లూ నొక్కి చూసింది. గట్టిగానే ఉన్నాయి. సౌజన్య వైపు తిరిగి నవ్వింది.

"సౌజీ, ఓడిపోతే ఏడ్వొద్దే."

"ఏడ్వ" అంది సౌజన్య. "మంచిగ పో."

శిల్ప దిగింది. ఈసారి గుట్ట మీద ఏ కూతా లేదు. ఎండుటాకుల చప్పుడు, టైర్ల కింద గులకరాళ్లు, అంతే. కొండముచ్చులు కూడా అరవలేదు. "ఎంత నున్నగ పోతుంది పిల్ల" అన్నారెవరో. సగం దారిలో ఒక తెల్లరాయి ఉంది. అక్కడ బాట కుడికి తిరుగుతుంది. తిరగకపోతే ఎండిన వాగు. అక్కడికి పిల్లలంతా నెమ్మదించారు. శిల్ప నెమ్మదించలేదు. పైన ఉన్నవాళ్లకు ఎర్రటి హెల్మెటు తెల్లరాయి దాటి నేరుగా పోవడం కనిపించింది. ఆ తర్వాత రాళ్ల చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఈల వేయొద్దన్న శ్రీశైలమే రెండు వేళ్లు నోట్లో పెట్టి కిందివాళ్లకు ఈల వేశాడు.

వాగులోంచి నలుగురు పట్టి ఎత్తారు. ఆమెకు తెలివి ఉంది. ఎడమ కాలు మోకాలి దగ్గర ఉండాల్సిన తీరుగా లేదు. "పట్టిన, పట్టిన" అంటోంది. ఎవరికీ అర్థం కాలేదు.

జయపాల్ సైకిలును లేపి చూశాడు. బిళ్లలతో సహా మట్టి కొట్టుకుని ఉంది. లివర్లు నొక్కాడు. గట్టిగా ఉన్నాయి. తీగలు తెగలేదు. శ్రీశైలం అప్పటికే శిల్పను మోసేవాళ్లకు దారి చూపుతూ జీపు దిక్కు పోయాడు. జయపాల్ పిల్లలందర్నీ ఒకచోటికి పిలిచాడు.

"నిజం చెప్పుర్రి. ఎవరన్నా డిస్కు ముట్టిండ్రా? జిడ్డు చెయ్యి గాని, నూనె గాని? సైకిలుతోని తప్పని తేలితే ఇయ్యాల్టి పందెం మొత్తం రద్దు. సీటు ఎవరికీ లేదు. వచ్చే ఏడు మనకు సైకిళ్లు కూడా రావు."

"లేదు సార్" అంది సౌజన్య. అందరికంటే ముందు ఆమే అంది. తర్వాత మిగిలినవాళ్లు అన్నారు.

అందరితో పాటు కిందికి ఉరికి వచ్చిన రాఘవేంద్ర నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. నూనె అన్న మాట విని సంచీ మీద చెయ్యి వేశాడు. కూతురి వైపు చూశాడు. ఆమె ఆయన్ని చూడలేదు. ఆయన నోరు తెరిచాడు. అప్పటికే జయపాల్ జీపు దిక్కు పరుగెత్తుతున్నాడు.

అచ్చంపేట దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు ఫొటో తీయించి చూసి, ఇక్కడ కట్టు కట్టి పంపుతాను, పట్నంలో ఆపరేషన్ చేస్తారు, నడుస్తుంది గాని ఆ మోకాలు ఇక మడత పడదు అన్నాడు. ఇక సైకిలు తొక్కుతుందా అని ఎవరో అడిగారు. డాక్టరు ఫొటోను కవరులో పెట్టాడు.

వరండా చివర నీళ్ల కుండ దగ్గర రాఘవేంద్ర కూతుర్ని ఆపాడు.

"డిస్కుకు నూనె తగలొద్దని నీకెర్కేనా?"

"ఎర్కే."

"మరి నేను పోస్తుంటే..."

"నేను పొయ్యమన్ననా? నువ్వే పోస్తివి."

ఆయన గోడకు ఆనుకున్నాడు.

"నేను పోయి సార్‌కు చెప్త. తెల్వక పోసిన అని చెప్త."

"చెప్పు" అంది సౌజన్య. గొంతు పెంచలేదు. "ఎవరు నమ్ముతరు? బిడ్డ ముందున్నది, ఎనక వచ్చేటోళ్ల బ్రేకుకు తండ్రి నూనె పోసిండు. కావాలనే పోసిండంటరు. మద్దిలేటి కాక నిన్ను ఉంచుతడా? పోలీసోళ్లు ఊకుంటరా? నా సీటు పోతది. నువ్వు జైలుకు పోతవు. శిల్ప కాలు వస్తదా?"

అది పద్నాలుగేళ్ల పిల్ల మాట. ఇంట్లో ఎవరూ ఆమెకు అట్లా మాట్లాడటం నేర్పలేదు. నేర్పినట్టు ఆయనకు గుర్తు లేదు.

"ఆ సీసా ఇటియ్యి" అంది. తీసుకుని మోరీలో వంచింది. ఖాళీ సీసాను చెత్త డబ్బాలో వేసి, కుండలోని నీళ్లతో చేతులు కడుక్కుంది.

మద్దిలేటి, పుష్పమ్మ మరుసటి రోజు మధ్యాహ్నానికి చేరారు. బస్సులు మారి మారి వచ్చారు. పుష్పమ్మ మంచం పట్టె మీద తల పెట్టి ఏడుస్తూ ప్రభువును పిలుస్తోంది. మద్దిలేటి నిలబడే ఉన్నాడు. పంచె నిండా దుమ్ము.

"బ్రేకు పట్టనీకె ఏం రోగమొచ్చింది నీకు?" అన్నాడు కూతురితో.

"పట్టిన నాయినా. రెండు సేతులా పట్టిన. ఆగలే."

"పడితే ఎందుకాగదు? అందరికి ఆగింది, నీకే ఆగలేదా?"

జయపాల్ మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మెత్తగా చెప్పాడు. "భయమైతే చెయ్యి బిగుసుకపోతది పెద్దనాయినా. పట్టినట్టే అనిపిస్తది. శానమందికి గట్లనే అయితది. సైకిలు నేను చూసిన. మంచిగనే ఉంది."

"నాకు భయం కాలే సార్" అంది శిల్ప. "నేనెప్పుడన్న భయపడ్డనా? పట్టిన. సప్పుడు కూడ రాలే. జారిపోయింది." ఆమె తల తిప్పి గది అంతా వెతికింది. తలుపు దగ్గర రాఘవేంద్ర కనిపించాడు. "కాకా, నువ్వన్న చెప్పు. నువ్వే గదా నాకు సైకిలు ఇచ్చినవ్. బ్రేకు ఏమన్న చేసి ఉండెనా?"

అందరూ ఆయన వైపు తిరిగారు. పుష్పమ్మ ఏడుపు ఆపి తల ఎత్తింది. మద్దిలేటి రెండు అడుగులు ముందుకు వేసి చేతులు జోడించినంత పని చేశాడు.

"రాఘన్నా, నీ ఇంట్ల తిని పెరిగిన పిల్ల. నువ్వు అబద్ధం చెప్పవు. సైకిల్ల ఏమన్న ఉంటే చెప్పు. నా బిడ్డది తప్పు కాదంటే నాకు గంతే సాలు."

రాఘవేంద్ర కుడిచెయ్యి తుండుగుడ్డలో పెట్టుకుని ఉన్నాడు. పక్కన సౌజన్య బత్తాయిల సంచీ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఆయన్ని తాకలేదు, సైగ చేయలేదు. బత్తాయిల సంచీని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"మంచిగనే ఉండె" అన్నాడు రాఘవేంద్ర.

మద్దిలేటి జోడించబోయిన చేతులు దించాడు. తర్వాత మంచం వైపు తిరిగి కూతురి చెంప మీద కొట్టాడు. కట్టు కట్టిన కాలు అదిరి పిల్ల అరిచింది. పుష్పమ్మ అడ్డం వచ్చింది.

"నీ కాలు నువ్వు ఇరగ్గొట్టుకొని మంది మీద పెడ్తవా? నిన్ను దేవుళ్ల లెక్క చూసుకునేటోళ్ల మీద?" అన్నాడు మద్దిలేటి. బయటికి పోయి మెట్ల మీద కూర్చుని పంచెతో ముఖం కప్పుకున్నాడు. రాఘవేంద్ర ఆయన పక్కనుంచే దిగి పోయాడు. మద్దిలేటి అంత దుఃఖంలోనూ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

సాయంత్రం హాస్టలు వార్డెను, ఇద్దరు టీచర్లు చూడ్డానికి వచ్చారు. ఎట్లయింది అని అడిగారు. శిల్ప పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. చెంప మీద వేళ్లు తేలి ఉన్నాయి.

"నేనే బ్రేకు పట్టలే మేడం" అంది.

వాళ్లు అయ్యో అని, జాగ్రత్త అని చెప్పి, సౌజన్యకు సీటు వచ్చినందుకు సంతోషమని ఆమె భుజం తట్టి పోయారు. పుష్పమ్మ నీళ్లకు పోయింది. గదిలో ఇద్దరు పిల్లలే మిగిలారు. సౌజన్య స్టూలు జరుపుకుని బత్తాయి వలవసాగింది. తొక్క పక్కన పెట్టి, గింజలు తీసి, ఒక తొన శిల్ప నోటికి అందించింది. శిల్ప నమిలింది.

"సౌజీ, నువ్వు మలుపు కాడ బ్రేకు యాడ పట్టినవే?"

"తెల్లరాయి కంటే ముందల."

"నేను గూడ ఆడనే పట్టిననుకున్న." శిల్ప సౌజన్య వైపు తల తిప్పింది. "లేటయిందేమో గదా?"

సౌజన్య ఇంకో తొనలోంచి గింజ తీసింది.

"లేటయింది" అంది.